సంక్రాంతికి పిల్లలతో ఇల్లు ముస్తాబు: ముగ్గా, గొబ్బెమ్మా, కొలువా, గాలిపటమా?

ధనుర్మాసం డిసెంబరు 16 ప్రాంతంలో మొదలై భోగితో ముగుస్తుంది. అంటే పండక్కి ముందు దాదాపు నెల రోజులు చేతిలో ఉన్నట్టే. ఆ నెల ఎలా గడుస్తుందో మాత్రం అందరికీ తెలుసు. పిల్లలకు పరీక్షలు, పెద్దలకు ఆఫీసులో ఏడాది చివరి హడావిడి, ఊరెళ్ళడానికి టిక్కెట్ల వేట. తీరా భోగి ముందురోజు రాత్రి ఎవరో ఒకరు బజారుకు పరిగెత్తి ఓ ప్లాస్టిక్ తోరణం, ఓ స్టిక్కర్ ముగ్గు పట్టుకొస్తారు. పిల్లలు తలెత్తి చూసి మళ్ళీ ఫోన్లో పడతారు.

ఈసారి అలా కాకుండా పిల్లల చేత ఏదైనా చేయిద్దాం, మన చిన్నప్పటి సరదా ఒకటైనా మళ్ళీ ఇంట్లోకి తెద్దాం అనుకునేవాళ్ళ కోసం ఈ పోలిక. ముందే ఒక మాట: అన్నీ పెట్టుకోకండి. ముగ్గూ, గొబ్బెమ్మలూ, కొలువూ, తోరణాలూ, గాలిపటాలూ అన్నీ ఒకే పండక్కి తలకెత్తుకుంటే కనుమ నాటికి అమ్మకు నడుం పడిపోతుంది, నాన్నకు విసుగొస్తుంది, పిల్లలకు తిట్లు మిగులుతాయి. ఒకటి గట్టిగా పట్టుకోండి. మిగతావి కొనుక్కున్నా, మానేసినా పండగ ఏమీ అలగదు.

ఆ ఒక్కటి ఏదన్నదానికి నేను చూసే లెక్క చిన్నది. పనిలో సగానికి పైగా పిల్లల చేతుల మీదుగా సాగుతుందా, లేక పెద్దవాళ్ళు చేస్తుంటే వాళ్ళు పక్కన నిలబడి గిన్నె అందిస్తారా? రెండోదైతే ఎంత అందంగా కుదిరినా వచ్చే ఏడు వాళ్ళు దాని ఊసెత్తరు. వంకరగా వచ్చినా మొదటిదే నిలుస్తుంది. వయసు, చోటు, ఖర్చు, తీరిక అన్నీ ఆ తర్వాతే.

ముగ్గు: అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా ఓపిక

ఖర్చు దాదాపు లేదు. చోటు గుమ్మం ముందు రెండడుగులున్నా చాలు. పైగా ఇది ఒక్కరోజు ముచ్చట కాదు, నెలంతా సాగుతుంది. సోమవారం వంకర పోయినది శుక్రవారానికి సర్దుకుంటుంది. కొలువుకైనా గాలిపటానికైనా ఈ వెసులుబాటు లేదు. అందుకే ఆరేళ్ళు దాటిన పిల్లలున్న ఇంటికి నా మొదటి ఓటు ముగ్గుకే.

దేంతో వెయ్యాలన్నది అసలు ప్రశ్న. బియ్యప్పిండి చేతికి హాని చెయ్యదు, చీమలకూ పిచ్చుకలకూ మేతవుతుంది. కానీ తేలికగా ఉండి గాలికి లేస్తుంది, తడి తగిలితే ముద్దవుతుంది. బజారులో దొరికే ముగ్గుపిండి బరువుగా ఉంటుంది కనుక గీత తెగకుండా జారుతుంది, చెయ్యి తిరగని పిల్లలకు అదే వీలు. కొనేటప్పుడు అందులో సున్నం కలిసిందేమో అడగండి. సున్నం వేళ్ళను మండిస్తుంది, కంట్లో పడితే ఆసుపత్రి మెట్లెక్కాలి. మూడు నాలుగేళ్ళ పిల్లలకైతే బియ్యప్పిండే ఇవ్వండి. రంగులు కూడా ఏ ప్యాకెట్ పడితే అది కాకుండా, బియ్యప్పిండిలో వంటకు వాడే పసుపు కలిపి ఇస్తే నోట్లో పెట్టుకున్నా భయం లేదు.

తడి ముగ్గు ఇంకో దారి. నానబెట్టిన బియ్యం మెత్తగా రుబ్బి, పలచన చేసి, చిన్న గుడ్డపీలిక ముంచి వేళ్ళ మధ్య నొక్కుతూ గీయడం. ఆరాక తెల్లగా తేలుతుంది, తొక్కినా రెండు మూడు రోజులు చెరగదు. ఎరుపు పూసిన అరుగు మీద దీని అందమే వేరు. అయితే తడిగా ఉన్నప్పుడు గీత సరిగ్గా కనబడదు. ఎక్కడ గీశామో తెలియక పిల్లలు కంగారు పడతారు. పదేళ్ళ లోపువాళ్ళకు దీన్ని నేను సిఫారసు చెయ్యను.

సుద్దముక్క చిన్నవాళ్ళకు తొలిమెట్టు. గచ్చు మీద, గరుకు బండల మీద బాగా పడుతుంది. నున్నటి టైల్స్ మీద మాత్రం జారిపోతుంది. ముక్కను నీళ్ళలో ముంచి గీస్తే కాస్త నయం.

ఇక చుక్కలు. పిల్లలకు మొదటిరోజే నెమలి, తామర అంటూ పెద్ద ముగ్గు చూపిస్తే బెంబేలెత్తిపోతారు. 5 చుక్కలు, 3 వచ్చేవరకు సందు చుక్క. ఇక్కడ మొదలుపెట్టండి. మధ్య వరుసలో 5, దాని పైనా కిందా 4, వాటి పైనా కిందా 3. మొత్తం 19 చుక్కలు. పై వరుసలో పెట్టే ప్రతి చుక్కా కింది రెండు చుక్కల మధ్య సందులో పడాలి. పిల్లలు తప్పేది సరిగ్గా ఇక్కడే. మూడో వరుసకు వచ్చేసరికి మొత్తం ఒక పక్కకు జరిగిపోతుంది, ముగ్గు కూలబోతున్న గోడలా ఒరుగుతుంది. దీనికి చిట్కా ఏమిటంటే మధ్య వరుసను నేల మీద టైల్స్ అతుకు గీత వెంబడి పెట్టించడం. అతుకు లేకపోతే సుద్దతో ఒక గీత గీసివ్వండి. ఆ ఒక్క వరుస తిన్నగా ఉంటే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి. 19 అలవాటయ్యాక 7 చుక్కలు, 4 వచ్చేవరకు. మధ్యన 7, రెండు వైపులా 6, 5, 4. అవి 37. చుక్కలెన్నో ముందే లెక్కగట్టమని పందెం వెయ్యండి. ముగ్గంటే ఆడపిల్లల పని అని మొహం తిప్పుకునే అబ్బాయిలు ఈ పందేనికి చాలావరకు పడిపోతారు.

చుక్కల్ని కలిపే ముగ్గుకూ, చుక్కల చుట్టూ తిరిగే మెలికల ముగ్గుకూ చాలా తేడా ఉంది. మెలికల ముగ్గులో గీత చుక్కను తాకకూడదు, మొదలైన చోటికే తిరిగి రావాలి. తొమ్మిది పదేళ్ళు రాకుండా ఇది అప్పజెబితే ఏడుపులు ఖాయం. ఆ వయసు దాటినవాళ్ళకు ఇస్తే మాత్రం అన్నానికి పిలిచినా లేవరు.

చెయ్యి తిరగడం గురించి ఒక మాట. పెద్దవాళ్ళం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి జార్చడం అలవాటైపోయి, అదేమంత కష్టమా అనుకుంటాం. చిన్న చేతులకు అది నిజంగానే కష్టం. గుప్పెడు తీసి ఒక్కచోటే కుమ్మరిస్తారు. నీళ్ళ సీసా మూతకు మేకుతో చిల్లు పెట్టి, సీసాలో పొడి ముగ్గుపిండి పోసి ఇవ్వండి. వంచితే సన్నగా జారుతుంది. నాలుగు రోజులయ్యాక సీసా పక్కన పెట్టించి వేళ్ళతో వేయించండి. నేల మీద ముందుగా కాసిన్ని నీళ్ళు చిలకరించి, తడి సగం ఆరాక వేస్తే పిండి పట్టుకుంటుంది.

అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళ ఇబ్బంది వేరు. వరండాలో ముగ్గేస్తే తొక్కుతారు, లేదా తుడిచే మనిషి ఏడింటికే తుడిచేస్తుంది. దానికి రెండడుగుల ప్లైవుడ్ పలక ఒకటి తీసుకుని రెడ్ ఆక్సైడ్ పూసి ఆరబెట్టండి. రాత్రి హాల్లో కూర్చుని దాని మీద వేయించి, పొద్దున్నే గుమ్మం పక్కన పడుకోబెట్టడమే. ఆ పలక ఏళ్ళ తరబడి పనికొస్తుంది.

స్టిక్కర్ ముగ్గులు, పెయింటుతో వేసేసిన ముగ్గులు ఉన్నాయి కదా అంటారా? మోకాళ్ళు వంగని పెద్దవాళ్ళు ఒక్కరే ఉండే ఇంటికి అవి హాయి. పిల్లల కోసమైతే వాటివల్ల ఒరిగేదేమీ లేదు. చిల్లుల అచ్చుపలకలు మాత్రం మధ్యరకం. ఒకసారికి సరదా, రెండోసారికి బోరు.

కనుమనాటి రథం ముగ్గును మాత్రం వదలకండి, వేరే ఏ ముగ్గు వేసినా వెయ్యకపోయినా. రథం గీసి దాని తాడును వీధిలోకి లాగడం, పక్కింటి రథంతో కలపడం పిల్లలకు భలే ఇష్టం. అపార్ట్‌మెంట్లో ఒక అంతస్తులోని గుమ్మాలన్నీ సుద్దగీతతో అలా కలిపేయొచ్చు. పక్క ఫ్లాటులో ఎవరుంటారో తెలియని పిల్లలు ఆ తాడు పుణ్యమా అని తలుపు తడతారు.

గొబ్బెమ్మలు, పిడకల దండ: చేతులు ముంచేవాళ్ళకు

నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకు దీన్ని మించినది లేదు. ముద్ద చెయ్యడం, పసుపు కుంకుమలు అద్దడం, నెత్తిన గుమ్మడిపువ్వో బంతిపువ్వో గుచ్చడం... ప్రతి మెట్టూ వాళ్ళు చెయ్యగలిగిందే. మధ్యలో పెద్ద గొబ్బెమ్మ, చుట్టూ చిన్నవి. పైన పేర్చే పూల విషయంలో పెద్దవాళ్ళు వేలు పెట్టకుండా ఉంటే చాలు.

చిక్కల్లా పేడ దగ్గరే. పల్లెలో అది ప్రశ్నే కాదు. పట్నంలో గోశాల దగ్గరో పాలవాళ్ళనడిగో తెచ్చుకోవాలి. పిల్లల చేతికి గాయం ఉంటే మాత్రం పేడ ముట్టనివ్వకండి, ధనుర్వాతం భయం ఉంటుంది. మిగతావాళ్ళు అయ్యాక సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంటే సరి. మొదట్లో ఛీ అనే పిల్లలు రెండో ముద్దకే మరిచిపోతారు. దగ్గరుండి ముక్కు మూసుకునే తల్లిదండ్రులే అసలు అడ్డం.

పేడ దొరక్కపోతే బంకమట్టి వాడండి. అదీ లేకపోతే పసుపు ముద్ద. గొబ్బెమ్మను రంగు ప్లాస్టిసిన్‌తో చేయించడం కూడా చూశాను. నాకైతే రుచించలేదు. ఎండదు, పిడక అవదు, చివరికి చెత్తబుట్టకే పోతుంది. పేడ గొబ్బెమ్మలోని అసలు అందం అది పండగతో అయిపోకపోవడం. గోడకు కొట్టి పిడకలు చేసి ఆరబెడితే, రథసప్తమికి వాటి మీదే పాలు పొంగించి పరమాన్నం వండే ఆచారం ఉంది. పండగ నాడు చేసింది కొన్నాళ్ళ తర్వాత మళ్ళీ పొయ్యి కిందికి రావడం పిల్లలకు కళ్ళారా కనిపిస్తుంది.

దీనికి తోబుట్టువు భోగి పిడకల దండ. అరచేతిలో పట్టేంత పిడకలు చేసి, పచ్చిగా ఉన్నప్పుడే మధ్యలో వేలితో చిల్లు పెట్టి, ఎండాక తాడుకు గుచ్చి, భోగి తెల్లవారుజామున మంటలో వేయించాలి. దీనికి ముందుచూపు కావాలి. జనవరి చలికి, మంచుకు పిడక ఆరడం ఆలస్యం, కాబట్టి డిసెంబరు ఆఖరు వారానికల్లా చేసి డాబా మీద పరిచెయ్యాలి. భోగికి మూడు రోజుల ముందు మొదలుపెడితే పచ్చి పిడకలు, పొగ, దగ్గు. మంట దగ్గర నూలు బట్టలు, జుట్టు ముడి, చేతికందేంతలో ఒక బకెట్టు నీళ్ళు. టైర్లు, ప్లాస్టిక్, రంగేసిన చెక్క అందులో పడెయ్యనివ్వకండి.

బొమ్మల కొలువు: మొదలుపెడితే ఏళ్ళ తరబడి

అన్నిటికన్నా పెద్ద పని ఇదే, కలకాలం మిగిలేదీ ఇదే. కోస్తాలో ఎక్కువగా సంక్రాంతికి, మరికొన్ని చోట్ల దసరాకు పెడతారు. భోగినాడు పెట్టి కనుమ దాకా ఉంచడం మామూలు. మెట్లు బేసి సంఖ్యలో వేస్తారు, 3, 5, 7, 9 ఇలా. పైన దేవుళ్ళు, కిందికి వచ్చేకొద్దీ మనుషులు, జంతువులు, ఊరు, బజారు.

ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. చాలా ఇళ్ళలో "మనకు కొలువు ఆనవాయితీ లేదమ్మా, మధ్యలో మొదలుపెట్టకూడదు" అని పెద్దవాళ్ళు అడ్డం పడతారు. వాళ్ళతో వాదించి గెలిచి లాభం లేదు, పండగ పూట మాటా మాటా వస్తుంది. కొలువు అనకుండా పుస్తకాల అలమరలో రెండు అరలు ఖాళీ చేసి పిల్లల బొమ్మలు పేర్చండి. హారతి, పేరంటం పెట్టుకోకండి. మూడో ఏడు వచ్చేసరికి ఆ పెద్దవాళ్ళే తమ పెట్టెలోంచి ఒక బొమ్మ తీసి "ఇది కూడా పెట్టు" అంటారు. అత్తవారి వైపో అమ్మ వైపో ఎక్కడైనా ఒకప్పుడు కొలువు ఉండేదేమో అడగడం కూడా మంచిదే. చాలా కుటుంబాల్లో మూడు తరాల వెనక్కి వెళితే బయటపడుతుంది.

కొనాలా, ఇంట్లో ఉన్నవాటితో పెట్టాలా? మొదటి ఏడు కొనకండి. కథ ఒకటి ఎంచుకుని దానికి తగినవి ఇంట్లోంచే ఏరుకోమనండి. ఊరి సంత అనుకుందాం. అగ్గిపెట్టెలతో దుకాణాలు, ఇసుక పోసిన పళ్ళెంలో మొలకెత్తిన మెంతులు పొలం, చిన్న అద్దం ముక్క చెరువు. మెంతులు నానబోసి చల్లితే వారంలో పచ్చగా లేస్తాయి, ఈ లెక్కన పండక్కి వారం ముందు చల్లాలి. వెనక తెరకు పాత శుభలేఖలు వాడండి. ప్రతి ఇంట్లోనూ అవి గుట్టలుగా పడి ఉంటాయి, పారెయ్యడానికి చేతులు రావు. వాటి మీది బంగారు గీతలు, ఏనుగులు, కలశాలు కత్తిరించి అతికిస్తే బజారు తెరకన్నా నయంగా ఉంటుంది. దేవుడి బొమ్మలున్న శుభలేఖ కత్తిరించడానికి కొందరికి మనసొప్పదు. అది ముందే పక్కన పెట్టేస్తే సరి.

ఏడాదికొక కొత్త బొమ్మ చేర్చుకోవడం చాలా ఇళ్ళలో ఉన్న పద్ధతి, పిల్లలకు ఇది బాగా నచ్చుతుంది. ఏ బొమ్మ కొనాలో పోల్చి చూద్దాం.

కొండపల్లి బొమ్మలు విజయవాడ పక్కన తయారవుతాయి. తెల్ల పొణికి అనే తేలిక చెక్క, చింతగింజల పిండి, రంపంపొట్టు కలిపిన మక్కుతో అతుకులు, పైన రంగులు. దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, కల్లుగీసే మనిషి లాంటివి కొలువులో ఊరిని నిలబెట్టడానికి వీటిని మించినవి లేవు. కానీ ముక్కలు అతికించి చేసినవి కావడంతో చేతులు, కొమ్ములు త్వరగా ఊడతాయి. ఆడుకోవడానికి ఇచ్చే బొమ్మలు కావివి, చూడ్డానికి. పదేళ్ళ పిల్లకు ఇవ్వండి, మూడేళ్ళవాడికి వద్దు.

ఏటికొప్పాక బొమ్మలు అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున పుడతాయి. అంకుడు కర్రను తరిమెన అనే యంత్రం మీద తిప్పుతూ లక్క పూస్తారు. కోణాలుండవు, అన్నీ గుండ్రటి ఒంపులే, పట్టుకుంటే నున్నగా చేతిలో ఇమిడిపోతాయి. లక్కపిడతలు, బొంగరాలు, కీలుగుర్రాలు ఇక్కడివే. చెట్ల నుంచి, గింజల నుంచి తీసిన రంగుల్ని మళ్ళీ వాడుకలోకి తెచ్చిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. చిన్నపిల్లలున్న ఇంటికి కళ్ళు మూసుకుని ఇవే చెబుతాను. కొలువు అయ్యాక అటక ఎక్కించకుండా లక్కపిడతల్ని ఆటకు ఇచ్చెయ్యొచ్చు. కొనేటప్పుడు సహజ రంగులేనా అని మాత్రం అడిగి తీసుకోండి.

తెలంగాణలో నిర్మల్ బొమ్మలున్నాయి. కొలువులో బజారు వీధి పెట్టాలనుకుంటే నిర్మల్ చెక్కపళ్ళు, కూరగాయలు బ్రహ్మాండంగా సరిపోతాయి. మట్టిబొమ్మలు నిండుగా, అందంగా ఉంటాయి. కానీ బరువు, పగిలితే పోయినట్టే, దాచడానికి గడ్డీ కాగితాలూ పెట్టెలూ కావాలి. అద్దె ఇల్లు తరచూ మారేవాళ్ళు వాటి జోలికి వెళ్ళకపోవడమే మేలు. ప్లాస్టిక్ బొమ్మలు కొత్తగా కొనక్కర్లేదు, పిల్లల ఆటబుట్టలో ఉన్న కార్లు, డైనోసార్లు చాలు. కింది మెట్టు మీద డైనోసార్ ఉందని కొలువు మైలపడదు.

గాలిపటం: ఎగరేయడానికా, గోడకా?

తెలంగాణలో సంక్రాంతి అంటే చాలామందికి పతంగే. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకు తయారీ బాగుంటుంది. చతురస్రంగా కత్తిరించిన పలుచటి కాగితం, మూల నుంచి మూలకు తిన్నగా ఒక పుల్ల, మిగతా రెండు మూలల్ని కలుపుతూ విల్లులా వంచిన ఇంకో పుల్ల. చీపురుపుల్లలు సరిపోతాయి. అతకడానికి మెత్తగా నలిపిన అన్నం మెతుకులు. తోకకు పాత గుడ్డపీలిక.

ఎగురుతుందా అంటే, మొదటిసారి చేసినది ఎక్కువగా ఎగరదు. పుల్ల బరువవుతుంది, దారం ముడి పక్కకు పోతుంది, గిరికీలు కొట్టి నేలకు దిగుతుంది. పిల్లల మొహాలు వాడతాయి. అందుకే నా సలహా ఏమిటంటే, ఇంట్లో చేసినవి గోడకూ బాల్కనీకీ అలంకారంగా వేలాడదీయండి, ఎగరేయడానికి బజారువి కొనండి. పాత కాగితాల మీద రంగులద్ది, పెద్దవి చిన్నవి వరుసగా కడితే హాలు నిండుగా ఉంటుంది. ఖర్చు పెద్దగా లేదు, తీసి దాచుకోవచ్చు.

ఎగరేసేటప్పుడు నూలు దారమే. చైనా మాంజా అని పిలిచే నైలాన్ దారం మెడలు కోస్తోంది, పక్షుల రెక్కలు తెంపుతోంది. 2017లో జాతీయ హరిత ట్రైబ్యునల్ దేశమంతటా దాన్ని నిషేధించింది. అయినా చాటుగా అమ్ముతారు, కొనకండి. పిట్టగోడ లేని డాబా మీదికి, కరెంటు తీగలున్న చోటికి పిల్లల్ని పంపకండి. తీగకు చిక్కుకున్న పతంగి వదిలెయ్యాల్సిందే.

తోరణాలు, భోగిపళ్ళు

వీటి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తీరిక అస్సలు లేని ఇంటికి తోరణమే దిక్కు. మామిడాకుల్ని మడిచి దారం మీదుగా చీపురుపుల్ల ముక్కతో గుచ్చడం ఐదేళ్ళ పిల్లలకు వచ్చేస్తుంది. ఆకు దళసరి కాబట్టి రెండు మూడు రోజులు వాడినట్టు కనిపించదు. బంతిపూల దండకు మొద్దుబారిన పెద్ద సూది ఇవ్వండి. రెండు బంతిపూలు, ఒక ఆకు అని వరుస చెబితే వాళ్ళే తమ వరుస కనిపెట్టుకుంటారు. పూలు భోగి ముందురోజు సాయంత్రం కొంటే ధర చుక్కలనంటుతుంది. దానికి ఇంకో రోజు ముందే తెచ్చి తడిగుడ్డలో చుట్టి ఉంచండి. ప్లాస్టిక్ తోరణం వద్దని నేను ఒట్టు పెట్టించను, కానీ అది కడితే పిల్లలకు చేయడానికేమీ మిగలదు.

ఐదేళ్ళ లోపు పసివాళ్ళుంటే భోగిపళ్ళు ఎలాగూ పోస్తారు. అక్కడ పెద్దపిల్లలకు పని అప్పజెప్పండి. రేగుపళ్ళు కడిగి తుడవడం, బంతిరేకులు విప్పడం, చెరకు ముక్కలు, నానిన శనగలు, చిల్లర నాణేలు కలపడం అంతా వాళ్ళదే. పసివాడు కింద పడ్డవి నోట్లో పెట్టుకుంటాడు, నాణేల మీద ఓ కన్నేసి ఉంచండి.

మరి మీ ఇంటికి ఏది?

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇల్లు, ఒక్కరే పిల్ల, అపార్ట్‌మెంటు: ప్లైవుడ్ పలక మీద ముగ్గు. రాత్రి భోజనాలయ్యాక పావుగంట చాలు, కనుమనాడు వరండాలో రథం. కొలువు ఆలోచన ఈ ఏడు కట్టిపెట్టండి.

వాకిలి, పెరడు ఉండి, ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లలు ఇద్దరు ముగ్గురుంటే గొబ్బెమ్మలు, పిడకల దండ. అమ్మమ్మ, నాయనమ్మ ఇంట్లో ఉంటే ఇది ఆవిడకే వదిలెయ్యండి. ఆవిడ పాటలు పాడుతూ చేయిస్తారు, మీరు ఫోటోలు కూడా తియ్యకుండా పక్కకు తప్పుకుంటే ఇంకా బాగా సాగుతుంది.

పండక్కి ఊరెళ్ళే కుటుంబమైతే ఇంట్లో కొలువు పెట్టి తాళం వేసుకుని వెళ్ళడంలో అర్థం లేదు. డిసెంబరు నెలంతా ముగ్గు నేర్పించండి. ఊళ్ళో మేనత్తల ముందు వేసి చూపించాలన్న ఉబలాటం ఉంటే సాధన దానంతటదే జరుగుతుంది.

విదేశాల్లో ఉండేవాళ్ళకు కొలువే సరైనది. చాలాచోట్ల బయట మంచు, పేడ దొరకదు, భోగిమంట వెయ్యనివ్వరు. కొలువు అయితే పనిరోజున పండగొచ్చినా వెనకటి శనివారమే పేర్చి ఉంచుకోవచ్చు. స్నేహితుల పిల్లల్ని పిలవడానికీ అదే వీలు. ఇండియా నుంచి వచ్చేవాళ్ళ పెట్టెలో కొండపల్లి బొమ్మ కన్నా ఏటికొప్పాకది క్షేమంగా చేరుతుంది.

పదమూడు దాటినవాళ్ళు వీటిలో దేనికీ లొంగకపోతే బతిమాలకండి. అలంకారం ఖర్చుకు ఇంత అని డబ్బు చేతికిచ్చి, పూలు కొనడం, బేరం, లెక్క మొత్తం వాళ్ళకే వదిలెయ్యండి. వాళ్ళు నల్లపూలు తెచ్చినా నోరెత్తకూడదు, అది ఒప్పందం.

వయసులో ఎడమున్న ఇద్దరుంటేనే నిజమైన తలనొప్పి. పెద్దవాడు తిన్నగా పెట్టిన చుక్కల్ని చిన్నది కాలితో తుడిపేస్తుంది, ఇల్లు పీకి పందిరేస్తారు. ఇలాంటి ఇంటికి ముగ్గు కన్నా కొలువు నయం, మెట్లు పంచెయ్యొచ్చు కనుక. కథ, పై మెట్లు పెద్దవాడివి. అన్నిటికన్నా కింది మెట్టు చిన్నదానిది. అక్కడ ఏనుగును తలకిందులుగా నిలబెట్టినా, దేవుడి పక్కన రైలు పెట్టినా పేరంటానికొచ్చినవాళ్ళ కోసం సరిచెయ్యకండి.